ఎవరి రోగిని వారే తెచ్చుకోవలెను

ముడత కనిపిస్తే ఆమె చెయ్యి ఊరుకోదు. అరచెయ్యి చాపి, మధ్య నుంచి అంచుకు ఒకసారి, అంచు నుంచి మూలకు ఒకసారి సవరిస్తుంది. ఆసుపత్రి మంచం మీద దుప్పటి అయితే అది ఉద్యోగం. బస్సు సీటు మీద తువ్వాలు, కొట్లో బల్ల మీద పరిచిన కాగితం, ఎదురుగా నిలబడి మాట్లాడే మనిషి భుజం మీద చొక్కా, వీటికి జీతం లేదు. అయినా చేస్తుంది. ఒకసారి బ్యాంకు వరసలో ముందున్న పెద్దమనిషి వీపు సవరించింది. ఆయన వెనక్కి తిరిగాడు. "ముడత" అంది. ఆయన తన వంతు వదులుకుని వరస చివరికి పోయి నిలబడ్డాడు.

ఆమె స్త్రీల వార్డులో పేషెంట్ కేర్ టెక్నీషియన్. డాక్టరు చూసి వెళ్లాక, నర్సు సూది వేసి వెళ్లాక, మిగిలిన మనిషంతా వీళ్ల పాలు. ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, అన్నం తినిపించడం, బెడ్ పాన్ పెట్టి తీయడం, కదలలేని వాళ్లను ఒక పక్క నుంచి మరో పక్కకు తిప్పి పడుకోబెట్టడం. చాలాకాలం ఈ పని చేసేవాళ్లకు పేరు లేదు. "ఏయ్ అమ్మాయ్" అనేవారు. తరవాత ఇంగ్లీషు పేరు వచ్చింది. పని అదే, పిలుపూ అదే. మెడలో కార్డు మాత్రం కొత్తది.

పేరు వచ్చిన నాటి నుంచి ఆమెకు పేర్ల పిచ్చి పట్టింది. శరీర నిర్మాణం మీద లావుపాటి పుస్తకం ఒకటి పాత పుస్తకాల కొట్లో కొనుక్కుంది. ఒంట్లో ఎముకలన్నిటినీ చుట్టాల్లా పరిచయం చేసుకుంది. ఆ తరవాత ఆమె నోట తెలుగు రోగాలు మాయమయ్యాయి. జ్వరం అనదు, పైరెక్సియా అంటుంది. వాపు అనదు, ఎడిమా. ఒకనాడు పక్కింటావిడ, ముక్కు నుంచి రక్తం కారుతున్న పిల్లాణ్ని చంకన వేసుకుని పరిగెత్తుకొచ్చింది. ఆమె గుమ్మంలోనే ఆపి, "కంగారు పడకండి. ఇది ఎపిస్టాక్సిస్" అంది. పక్కింటావిడ ఉన్నచోటే కూలబడింది. ముఖాన నీళ్లు చల్లాల్సి వచ్చింది. చల్లుతూ దానికీ ఒక పేరు చెప్పింది. పిల్లాడి రక్తం ఈలోగా తనంతట తానే ఆగింది.

వార్డులో ఆమెను వెనక నుంచి డిక్షనరీ అక్క అనేవారు. ముందు అన్నా సంతోషిస్తుందని తెలిశాక, వెనక అనడంలో రుచి పోయింది.

ఇంట్లో ముగ్గురు. భర్త సిటీ బస్సు కండక్టరు. మూడో మనిషి అత్తగారు. అత్తాకోడళ్లకు మాటలు లేవు. పోట్లాడుకోలేదు. ఎప్పుడో ఒకరు ఏదో అడిగారు, రెండోవారు పలకలేదు. ఎవరు అడిగారో, ఎవరు పలకలేదో కూడా ఇప్పుడు తెలియదు. ఎవరి లెక్కన వాళ్లు ఎదుటివాళ్ల వంతు అనుకుని కూర్చున్నారు. అందుచేత ఒకే గదిలో ఉండి, కొడుకు ద్వారా మాట్లాడుకునేవారు.

"మీ అమ్మగారికి ఎడిమా ఉంది. ఉప్పు తగ్గించమనండి."

"నీ పెళ్లానికి చెప్పరా, నాకున్నది కాళ్ల వాపని."

కండక్టరు ఇద్దరి మధ్యా నిలబడి మాటలను ఎక్కించేవాడు, దించేవాడు. బయటా ఇంట్లోనూ ఒకటే డ్యూటీ.

ఆ ఏడు ఆసుపత్రి ఒక నిర్ణయం చేసింది. ఇకమీదట సర్టిఫికెట్ ఉన్నవాళ్లే రోగిని ముట్టుకోవాలి. మరి ఇన్నేళ్లూ ముట్టుకున్నవాళ్లో అని ఎవరో అడిగారు. అది గతం అన్నారు. రాత పరీక్ష ఒకటి, చేత పరీక్ష ఒకటి. గట్టెక్కినవాళ్లు వార్డులో ఉంటారు. తప్పినవాళ్లు లాండ్రీకి పోతారు. లాండ్రీ భూమి కింద ఉంటుంది. అక్కడ కిటికీ లేదు, రోగి లేడు. దుప్పటిని దుప్పటి అనే అంటారు. ఆమెకు ఆ మెట్లు తలుచుకుంటేనే ఒళ్లు జలదరించేది.

రాత పరీక్షలో ఆమెదే మొదటి స్థానం. అడగని ప్రశ్నలకు కూడా జవాబులు రాసింది.

చేత పరీక్షకు గోడ మీద నోటీసు అంటించారు. ఎవరి రోగిని వారే తెచ్చుకోవలెను. దీనికొక కారణం ఉంది. మొదటి బ్యాచికి వార్డులోని రోగుల మీదే పరీక్ష పెట్టారు. ఒకావిడకు అభ్యర్థులందరూ వరసపెట్టి ఒళ్లు తుడిచేసరికి జలుబు చేసింది. ఆవిడ వచ్చింది కాలు విరిగి. కాబట్టి ఈసారి ఇంటి నుంచే రోగులు రావాలి. బంధువులైతే మేలు, కేసు పెట్టరు. నోటీసు అడుగున చిన్న అక్షరాలతో ఇంకొక మాట ఉంది. రోగి అభిప్రాయమునకు సగము మార్కులు.

స్త్రీల వార్డు కాబట్టి ఆడమనిషే కావాలి. ఆమెకు తల్లి లేదు, తోడబుట్టినవాళ్లు లేరు. పక్కింటావిడ ఎపిస్టాక్సిస్ నాటి నుంచి ఈ గుమ్మం తొక్కలేదు.

కండక్టరు కంచం ముందు కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, అది నిన్నొక మాట అడగమంటోంది."

"దాని నోరు పడిపోయిందా?"

"నోరు బానే ఉంది. నువ్వే పడిపోవాలట. కుడి పక్కంతా."

అత్తగారు ముద్ద కంచంలో పెట్టేసింది. కొడుకు నోటీసులోని సంగతంతా చెప్పాడు. చివరి మాట దగ్గరికి వచ్చేసరికి ఆవిడ వీపు నిటారైంది.

"సగం మార్కులూ నా చేతిలోనా?"

"అవునమ్మా."

"అయితే నేనూ ఆఫీసరునే."

"అలాంటిదే."

"పడిపోతాను. కానీ అడిగేదేదో నన్నే అడగమను."

కోడలు గ్లాసు కింద ఉన్న గుడ్డను సవరించింది. దాని మీద ముడత లేదు.

"అత్తయ్యా" అంది. "పడిపోతారా?"

"అడిగే తీరు చూశావురా?" అంది అత్తగారు కొడుకుతో. తరవాత కోడలి వైపు తిరిగి, "పడతాలే" అంది.

మర్నాటి నుంచి రిహార్సలు మొదలైంది. ఆమెకు వచ్చిన కేసు కుడివైపు పక్షవాతం.

"మీ కుడి చెయ్యి పనిచెయ్యదు. గుర్తుపెట్టుకోండి."

"దురద పెడితే?"

"ఎడమ చేత్తో గోక్కోండి."

"దురద ఎడమ చేతి మీదైతే?"

కోడలు పుస్తకం తిరగేసింది. ఆ సంగతి పుస్తకంలో లేదు.

ఉన్న సంగతులు చాలానే ఉన్నాయి. పక్షవాతం మనిషికి గౌను తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు దూర్చాలి. విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు తీయాలి. కన్ను తుడిస్తే ముక్కు వైపు నుంచి చెవి వైపుకు తుడవాలి. నాడిని బొటనవేలితో చూడకూడదు, బొటనవేలిలో చూసేవాడి నాడే కొట్టుకుంటుంది. ఏ పనైనా ముందు చెప్పి, తరవాత చెయ్యాలి.

"ఇప్పుడు మీ ముఖం తుడుస్తున్నానమ్మా."

"తుడువు."

"మీరు మాట్లాడకూడదు. కుడి పక్క పడిపోతే ఒక్కోసారి మాట కూడా పోతుంది. మీకు పోయింది."

"అదీ పోయిందా? ముందే చెప్పొద్దూ!"

అన్నిటికన్నా ఎక్కువ మార్కులు మనిషిని పక్కకు తిప్పడానికి. ఒక చెయ్యి స్కాపులా మీద, అంటే వీపు పైన ఉండే రెక్క ఎముక మీద పెట్టాలి. ఇంకొకటి తుంటి మీద. అప్పుడు మనిషిని మెలి పడకుండా ఒక్క దుంగలా తన వైపు దొర్లించుకోవాలి. కోడలు "స్కాపులా, హిప్, ఒకటి, రెండు, మూడు" అని పైకి చెప్పి లాగేది.

"అబ్బా!"

"భలే చేస్తున్నారు అత్తయ్యా. పరీక్షలో కూడా సరిగ్గా ఇలాగే అనండి."

"ఇలాగే అంటానులే. అనకుండా ఎలా ఉంటాను?"

"మళ్లీ ఒకసారి. స్కాపులా, హిప్..."

"అబ్బా, నీ స్కాపులా మండిపోనూ!"

"తిట్టకూడదు. మీకు మాట లేదు."

పొద్దున డ్యూటీకి వెళ్లేముందు తిప్పేది, సాయంత్రం వచ్చాక తిప్పేది. అత్తగారు ఆరితేరింది. వంటింట్లోకి కూడా కుడి కాలు ఈడ్చుకుంటూ వచ్చేది. కొడుకు అదేమిటంటే, అలవాటు తప్పితే మార్కులు పోతాయంది. మార్కులు వేసేది తనే అన్న సంగతి మరిచిపోయింది. మాటలు పోయిన మనిషికీ కోడలికీ మధ్య మాటలు పెరిగాయి. కూరలో ఉప్పు గురించి నేరుగా పోట్లాడుకున్నారు. కండక్టరుకు ఇంట్లో పని పోయింది. భోజనం దగ్గర అటూ ఇటూ చూసి, "నాకు కూడా ఏదైనా చెప్పండి" అనేవాడు.

పరీక్ష దగ్గర పడేసరికి అత్తగారు శాలువా కప్పుకుని తిరగసాగింది. ఎండలు మండిపోతున్నాయి.

"ఏంటమ్మా ఇది?"

"పక్షవాతం మనిషికి చలెక్కువరా. పుస్తకంలో ఉంది."

కోడలు వెతికింది. పుస్తకంలో లేదు. నటనలో లీనమైందనుకుని సంతోషించింది.

పరీక్షనాడు ఆసుపత్రి వరండా నిండా ఆరోగ్యవంతులు. అందరూ రోగుల గౌన్లు వేసుకుని బెంచీల మీద కూర్చుని ఉన్నారు. తుంటి విరిగిన ఒకావిడ మంచినీళ్ల కోసం మెట్లు ఎక్కి దిగుతోంది. ఆయాసం కేసు వేరుశనగలు తింటూ గుండెజబ్బుకు కూడా పెట్టింది. పురుషుల వార్డు తాలూకు ఒక మామగారు పరీక్ష జరుగుతుండగానే గుర్రుపెట్టి నిద్రపోయాడట. స్పృహలేని రోగి కేసు కావడంతో అల్లుడికి పూర్తి మార్కులు పడ్డాయి. నిజమైన రోగులు వార్డు తలుపుల్లోంచి తొంగి చూసి, వీళ్ల ఒళ్లు చూసి ఈర్ష్యపడ్డారు.

పరీక్షాధికారి వేరే ఆసుపత్రి నుంచి వచ్చిన పెద్దాయన. మర్యాదస్తుడు. పొద్దుటి నుంచి ఇంతమంది ముఖాలు తుడవడం చూసి ఆయన ముఖమే వాడిపోయింది. ఆమె పేరు వినగానే కాస్త తేరుకున్నాడు.

"రాతలో ఫస్ట్ వచ్చింది నువ్వేనా? మోకాలి చిప్ప?"

"పటెల్లా."

"జబ్బ ఎముక?"

"హ్యూమరస్."

"బాగుంది, బాగుంది. కానీయ్."

వియ్యంకులు కుశలం అడిగినట్టు ఇద్దరూ మరి నాలుగు ఎముకలు ఇచ్చిపుచ్చుకున్నారు. అత్తగారు మంచం మీద వెల్లకిలా పడుకుని కప్పు చూస్తోంది. కుడి పక్క పడిపోయి ఉంది. నోరు కొద్దిగా వంకర పెట్టింది. అది ఆవిడ సొంత కల్పన.

కోడలు చేతులు కడుక్కుంది. తెర లాగింది. ముందు చెప్పింది, తరవాత చేసింది. కన్ను ముక్కు వైపు నుంచి తుడిచింది. రెండు వేళ్లతో నాడి చూసింది. పరీక్షాధికారి తల ఊపుతూనే ఉన్నాడు.

"ఇప్పుడు గౌను మారుస్తున్నానమ్మా. బాగున్న చెయ్యి ముందు తీస్తాను."

ఆమె ఎడమ చేతి మీద గుడ్డ పట్టుకుంది. అప్పుడు పడిపోయిన కుడి చెయ్యి గబుక్కున లేచి వచ్చి ఆ గుడ్డను బిగించి పట్టుకుంది.

"మీ రోగికి నయమైనట్టుందే" అన్నాడు పరీక్షాధికారి.

"అత్తయ్యా, వదలండి" అంది కోడలు పెదవులు కదపకుండా.

"వద్దే. చలేస్తోంది."

"మీకు మాట లేదు. వదలండి."

గుడ్డ జారింది. ఎడమ జబ్బ బయటపడింది. ముసలి చర్మం, ఉల్లిపొర లాంటిది. దాని మీద వరసగా నాలుగు మచ్చలు. వెనక వైపు ఒకటి. కొన్ని నీలంగా ఉన్నాయి, కొన్ని పసుపు తిరిగాయి. పాత వాటి మీద కొత్తవి ఎక్కాయి.

పరీక్షాధికారి కళ్లజోడు సర్దుకుని వంగాడు. "ఇవేంటి?"

కోడలు చూసింది. ఇన్నాళ్లూ నోరు స్కాపులా అంటూనే ఉంది. చెయ్యి మాత్రం జబ్బనే పట్టుకుంది. వార్డులో తొందరలో ఎప్పుడూ పట్టుకునేది అక్కడే. అందరూ పట్టుకునేదీ అక్కడే. పట్టు దొరుకుతుంది, పని తెములుతుంది.

"ఎవరు చేశారమ్మా ఇది?" అని ఆయన రోగిని అడిగాడు. గొంతు మారింది. రోగికి దెబ్బ తగిలించిన చెయ్యి మళ్లీ రోగిని ముట్టుకోకూడదు. అది సర్టిఫికెట్‌లో మొదటి నియమం. గదిలో ముగ్గురికీ తెలుసు.

అత్తగారు కప్పు చూస్తూ, "నాకు మాట పోయిందండీ" అంది.

పరీక్షాధికారి వరండా వైపు చూశాడు. బయట ఇంకా చాలామంది ఆరోగ్యవంతులు ఉన్నారు. భోజనం వేళ దాటిపోతోంది. ఆయన మంచివాడు.

"చూడమ్మాయ్" అన్నాడు. "వయసు మళ్లిన చర్మం. కింద కొవ్వు ఉండదు, రక్తనాళాలు పెళుసుగా ఉంటాయి. ఇలాంటి మచ్చలు వాటంతట అవే వస్తుంటాయి. దానికొక పేరుంది. ఫస్ట్ వచ్చినదానివి, నీకు తెలియకపోదు. చెప్పు, రాసుకుంటాను."

పేరు ఆమెకు తెలుసు. నాలుక మీదే ఉంది. రెండే మాటలు. అంటే చాలు, వార్డు ఉంటుంది, కిటికీ ఉంటుంది. అబద్ధం కూడా కాదు. అలాంటి చర్మాలు ఉంటాయి, అలాంటి మచ్చలు వస్తాయి. పుస్తకంలో బొమ్మతో సహా ఉంది.

ఆమె కళ్లు మచ్చల మీదే ఉన్నాయి.

అత్తగారికి మాట తిరిగి వచ్చింది. "వయసేనండీ! మీరన్నదే. ఆ పేరేదో, అదే నాకు. ఏమే, నోరు మెదపవేం? గంగాళంలా ఎప్పుడూ మోగుతూనే ఉంటావు. అడిగినప్పుడు చెప్పవే!"

కోడలు చెయ్యి చాపింది. నాలుగు వేళ్లూ నాలుగు మచ్చల మీద పెట్టింది. బొటనవేలు జబ్బ చుట్టూ వెనక్కి వెళ్లి ఐదో మచ్చ మీద ఆగింది. ఎక్కడా ఖాళీ లేదు.

"నా వేళ్లండీ" అంది.

"నేనడిగింది పేరు."

"పేరు లేదండీ. నేను పట్టుకుని లాగాను. ఆవిడ అబ్బా అంటే నటిస్తోందనుకున్నాను. బాగుందన్నాను కూడా."

పరీక్షాధికారి ముఖం చిట్లించాడు. పొద్దుటి నుంచి ఎవరూ ఆయన్ను ఇంత ఇబ్బంది పెట్టలేదు. కాగితం మీద పైనుంచి కిందికి వెతికాడు. ఈ మాట రాయడానికి అందులో చోటు కనిపించలేదు.

"అభ్యర్థి మాటకు ఇక్కడ మార్కులు లేవు" అన్నాడు చివరికి. "రోగి మాటకే ఉన్నాయి. అమ్మా, ఈమె సేవ మీకెలా ఉంది?"

"బంగారం లాంటి చెయ్యండీ" అంది అత్తగారు. "నా సగం మార్కులూ వేసెయ్యండి. తతిమ్మా సగం కూడా నన్నే వెయ్యమంటే వేస్తాను."

పక్కకు తిప్పి చూపించమనకుండానే ఆయన మార్కులు రాసుకున్నాడు. మచ్చల దగ్గర వయసు అని రాశాడు. తరవాతి రోగిని పిలవమన్నాడు. తరవాతి రోగి వేరుశనగలు పక్కన పెట్టి, ఆయాసపడుతూ లోపలికి వచ్చింది.

సాయంత్రం వరండా గోడకు ఫలితాలు అంటించారు. ఆమె గట్టెక్కింది. అప్పటికప్పుడు మెడలోకి కొత్త కార్డు ఇచ్చారు. రంగు మారింది.

ఇంటికి వెళ్లేటప్పుడు బస్సులో అత్తాకోడళ్లు పక్కపక్కన కూర్చున్నారు. అత్తగారు శాలువా తీసి ఒళ్లో పెట్టుకుంది. కాసేపు తన నటన గురించి చెప్పుకుంది. నోరు వంకర పెట్టినప్పుడు ఆఫీసరు ముఖం చూశావా అంది. కోడలు వినలేదు.

"నొప్పి అని ఎందుకు చెప్పలేదత్తయ్యా?"

"చెప్పకపోవడమేంటే? రోజూ అబ్బా అన్నాను."

"నిజంగా నొప్పి అని."

అత్తగారు కిటికీలోంచి బయటికి చూసింది.

"ఎన్నేళ్లకో నేను అన్నదొకటి బాగుందన్నావు" అంది. "కాదనడం ఎందుకని ఊరుకున్నాను."

బస్సు ఆగింది. ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు. కోడలు మెడలోంచి కార్డు తీసి సంచిలో వేసుకుంది. ఇల్లు చేరేదాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు. అది పాత మౌనం కాదు గనుక కండక్టరును పిలవాల్సిన పని పడలేదు.

మర్నాడు పొద్దున ఆమె డ్యూటీకి అందరికన్నా ముందు వెళ్లింది. నీళ్ల బేసిను తీసుకోలేదు, దుప్పట్లు తీసుకోలేదు. వార్డులో మొదటి మంచం దగ్గర నిలబడి, అక్కడి ముసలావిడ గౌను చెయ్యి పైకి మడిచింది. మచ్చలున్నాయి. ఇలాంటివి ఆమె ఏళ్ల తరబడి చూస్తూనే ఉంది. చూడ్డానికి వచ్చిన కూతుళ్లు అడిగితే వయసమ్మా అని తనే చెప్పింది, పెద్ద పేరుతో సహా. మచ్చల మీద వేళ్లు పెట్టి చూసింది. సరిపోలేదు. అవి ఇంకా పెద్ద చేతివి.

రెండో మంచం దగ్గర సరిపోయాయి.

"ఏంటే అమ్మాయ్, కొలతలు తీస్తున్నావు? రవిక కుట్టిస్తావా?" అంది ఆ మంచం ముసలావిడ.

"ఇవి నేను చేసినవమ్మా."

"తెలుసులే. పొద్దుటి డ్యూటీవి ఇక్కడ పడతాయి. రాత్రివాళ్లవి ఇంకాస్త పైన ఉంటాయి చూడు."

ఆమె చూసింది. ఉన్నాయి. గౌను చెయ్యిని మెల్లగా కిందికి దించి, మూడో మంచం దగ్గరికి వెళ్లింది.